ఈ చిరునామాలో లేరు

కుట్టు గది,
సోమవారం.

అక్కా,

ఫోనుండగా ఈ ఉత్తరమేంటి అనుకుంటావు. ఫోన్ ఆపేశాను. అందులో సిమ్ కార్డు తీసి సూదుల డబ్బాలో పడేశాను. ఇకనుంచి ఉత్తరాలే. మీ ఇంటికి రాయను, నన్ను కట్టుకున్న ఆ మనిషి ఎప్పుడొచ్చి మీ హాల్లో కూర్చుంటాడో తెలీదు కదా. పోస్టాఫీసుకే, నీ సార్టింగ్ గదికే రాస్తాను. ప్రతి కవరూ నీలం దారంతో మూడు కుట్లు వేసి మూస్తాను. రెండే ఉన్నా, తెగి ఉన్నా మధ్యలో ఎవరో విప్పారన్నమాట. నవ్వకు. ఆ ఇంట్లోంచి బయటపడ్డ ఈ రెండేళ్ళూ ఇలాంటి జాగ్రత్తలతోనే బతుకుతున్నానని నీకు తెలియనిదేముంది.

జరిగింది చెబుతాను. ఎవరు ఏ అప్పు తీసుకున్నారో, ఎక్కడుంటున్నారో, ఏ నంబరు వాడుతున్నారో అన్నీ రాసిపెట్టుకునే క్రెడిట్ బ్యూరో ఉంది చూడు, వాళ్ళ దగ్గర్నుంచి లక్షలమంది వివరాలు దొంగలు ఎత్తుకుపోయారని పేపర్లో వచ్చింది. నా దగ్గరేముంది ఎత్తుకుపోవడానికి అనుకుని పేపరు మడిచి గుడ్డ కింద పరుచుకున్నాను. వారం తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి. ఎత్తితే మాట ఉండదు. మూడుసార్లు అంతే. నాలుగోసారి అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు. రెండుసార్లు చిన్నగా, ఒకసారి గట్టిగా. ఆ సవరింపు నేను పదకొండేళ్ళు విన్నానక్కా. తలుపు గడియ పెట్టే ముందు అలాగే సవరించుకునేవాడు.

మిషను వాయిదాల మీద కొన్నప్పుడు షాపువాళ్ళకి ఈ నంబరిచ్చాను. వాళ్ళు బ్యూరోకిచ్చారు, బ్యూరో దొంగలకిచ్చింది, దొంగలు ఊరందరికీ ఇచ్చారు. పేరు కొడితే నంబరొస్తుందట ఇంటర్నెట్‌లో. షాపులో పాత కార్డే చూపించాను కాబట్టి, ఫైల్లో చిరునామా మాత్రం ఇంకా ఆ ఇంటిదే ఉంది. అదొక్కటే నా అదృష్టం.

పోలీసుల దగ్గరికి వెళ్ళాను. "ఏమన్నాడమ్మా ఫోన్లో?" అన్నారు. ఏమీ అనలేదన్నాను. "మరి కేసేమని రాయమంటావు?" అన్నారు. గొంతు సవరించుకున్నాడని రాయమనలేక వచ్చేశాను.

కింద మందుల షాపావిడ ఫోన్ అడుక్కుని బ్యూరోకి చేశాను. నలభై నిమిషాలు పాట వినిపించి, ఒకమ్మాయి వచ్చి, నేను నేనేనని తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలడిగింది. ఇష్టమైన రంగు? నీలం అన్నాను. తప్పట. మొదటి టీచరు పేరు? తప్పు. చిన్నప్పటి ముద్దుపేరు? అదీ తప్పే. అప్పుడు గుర్తొచ్చింది. ఫ్రిజ్ కోసం అప్పు కాగితాలు నింపింది ఆయనే. నేను చూపించినచోట సంతకం పెట్టాను. నా ఇష్టమైన రంగేంటో ఆయన రాశాడు. "సారీ అండీ, మీరు మీరేనని నిర్ధారణ కాలేదు" అని పెట్టేసింది.

నాకు చాలా భయంగా ఉందక్కా.

నీ చెల్లి

సార్టింగ్ గది,
గురువారం, టీ టైము.

పిచ్చిదానా,

మూడు కుట్లూ ఉన్నాయి. కవరు విప్పడానికి కత్తెర కోసం వెతుక్కుంటుంటే ఇక్కడందరూ వింతగా చూశారు. మా చెల్లెలు దర్జీ, బంక మీద నమ్మకం లేదు అన్నాను.

నువ్వు నువ్వు కాదని చెప్పడానికి ఆ పిల్లెవతే? పొత్తిళ్ళలో నిన్ను మొదట ఎత్తుకున్నదాన్ని నేను. మీ బావకి చెబితే, "ఆవిడతో ఒకపూట కూర వండించండి, ఉప్పు చూసి మేం గుర్తుపడతాం" అన్నాడు. నవ్వానుగానీ, ఆ గొంతు సవరింపు సంగతి చదివాక అన్నం సహించలేదు. మరిది, అదే మీ ఆయన, మా ఇంటికి వచ్చినప్పుడు ఎంత మెత్తగా మాట్లాడతాడో తెలుసుగా. "వదినగారూ, మీ చెల్లెలు క్షేమమేనా? నాకింకేం అక్కర్లేదు" అంటాడు. వంగని నీ చిటికెనవేలు గుర్తొచ్చి నాకు ఒళ్ళు మండిపోతుంది. మంచినీళ్ళు మాత్రం ఇస్తాను.

సరే, నా మాట విను. ఫోన్లలో ఆ పిల్లలతో వాదించకు. కాగితం మీద రాయి. నీ గుర్తింపు కార్డు నకలు పెట్టు. ముందు ఆ ఫైల్లోంచి పాత చిరునామా తీయించి, నీ గది చిరునామా రాయించు. ఇరవై రెండేళ్ళుగా ఈ గూళ్ళ ముందు నిలబడ్డదాన్ని చెబుతున్నాను, చిరునామా సరిగ్గా లేనివాళ్ళకి దేవుడు రాసినా అందదు. నీ పేరు ఇంకా ఆ ఇంటి మీదే ఉండబట్టే కదా, బ్యూరోవాళ్ళ ప్రతి కాగితం ఆ గుమ్మంలో పడుతోంది. మొన్న దొంగతనం గురించి చెప్పుకుంటూ వాళ్ళు ఊరందరికీ పంపిన ఉత్తరం నీ పేరున అక్కడికే వెళ్ళింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయట. మా పొడుగాయన, అదే ఆ వీధి పోస్ట్‌మాన్, అలవాటు చొప్పున వేసేశాడు.

ధైర్యంగా ఉండు. చిరునామా మార్పించు. ఈ వారమే.

అక్క

కుట్టు గది,
మూడు వారాల తర్వాత, శుక్రవారం.

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. కాగితం రాశాను, కార్డు నకలు పెట్టాను. ఇవాళ బ్యూరో నుంచి జవాబొచ్చింది. నీలం కవరు, మధ్యలో అద్దంలాంటి కిటికీ. అది పట్టుకుని చాలాసేపు మెట్ల మీదే కూర్చుండిపోయాను.

అందులో ఇలా ఉంది. "మీ చిరునామా మార్పు అభ్యర్థన అందింది. పాత చిరునామా ఇది. కొత్త చిరునామా ఇది. మీ భద్రత కోసం ఈ ఉత్తరాన్ని రెండు చిరునామాలకూ పంపుతున్నాం."

రెండింటికీ అక్కా. నా గది నంబరు, వీధి, మందుల షాపు పైన అన్న మాటతో సహా అచ్చుకొట్టి, ఆ ఇంటికి పంపారు.

ఫోన్ చేశాను. ఈసారి ఒకబ్బాయి. "అది రూలండీ. మోసగాళ్ళు మీకు తెలియకుండా మీ చిరునామా మార్చెయ్యకుండా ఉండటానికి" అన్నాడు. "బాబూ, ఆ ఇంట్లో ఉన్నవాడి నుంచే నేను దాక్కుంటున్నాను, దయచేసి ఆపండి" అన్నాను. "అయ్యో" అన్నాడు. నిజంగానే అన్నాడు. తర్వాత, "ఆపాలంటే మీరు మీరేనని నిర్ధారణ కావాలండీ, మీకు ఇష్టమైన రంగు చెప్పండి" అన్నాడు. ఆకుపచ్చ అన్నాను. ఎరుపు అన్నాను. ఫైలు లాక్ అయిపోయింది.

రెండూ ఒకేరోజు పంపారు. నాది ఇవాళ చేరింది. అది రేపో ఎల్లుండో నీ గదిలోంచే వెళ్తుంది. ఏం చెయ్యమని అడగను. నీ ఉద్యోగం సంగతి నాకు తెలుసు. రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

నీ బంక సగం ఊడి వచ్చింది ఈసారి. నేను అదృష్టవంతురాలిని, లోపల కాగితం జారిపోలేదు.

చెల్లి

సార్టింగ్ గది,
బుధవారం.

చెల్లీ,

నా నోట్లో మన్ను పడ. చిరునామా మార్పించమని చెప్పింది నేనే. ఇరవై రెండేళ్ళ అనుభవం అని గొప్పలు పోయాను చూడు.

నీ ఉత్తరం సోమవారం చదివాను. ఆ వీధి గూడు నాది కాదు, పొడుగాయనది. రెండురోజులు ఆయన గూటి పక్కనే తిరిగాను. "ఏంటమ్మా, నా టపా మీద మనసైంది?" అన్నాడు. కొత్తవాళ్ళకి నేర్పడానికి వీధుల వరస చూసుకుంటున్నానని అబద్ధమాడాను. మంగళవారం మధ్యాహ్నం సంచీలో రాలేదు. ఉదయం సంచీలో చూడకుండా పోయిందేమో, అప్పటికే గుమ్మంలో పడిందేమో అని రాత్రంతా ఒకటే గుబులు. ఇవాళ వచ్చింది. నీలం కవరు, కిటికీలో నీ పేరు.

నా చేతిసంచీలో దాచుకుందామా, పొయ్యిలో పెడదామా అని కూడా అనిపించింది. ఇన్నేళ్ళలో ఒక్క ఉత్తరం కూడా అలా చేయలేదు నేను. అప్పుడు వెలిగింది. రూలు మన పక్షానే ఉంది కదా! ఉత్తరం ఇంటికి కాదు, మనిషికి. నువ్వు ఆ ఇంట్లో లేవు. లేని మనిషి పేరున వచ్చింది తిప్పి పంపాలి. రెండేళ్ళుగా పొడుగాయన వేస్తున్నదే తప్పు. ఎర్ర కలంతో "ఈ చిరునామాలో లేరు" అని రాశాను, ముద్ర కొట్టాను, వెనక్కి వెళ్ళే సంచీలో పడేశాను. పొడుగాయనకి కూడా గట్టిగా చెప్పాను, ఇకమీదట ఆ పేరున ఏమొచ్చినా నాకివ్వమని. "మీ చెల్లెలేగా, అలాగే" అన్నాడు. ఇంకేం అడగలేదు. మంచివాడు.

ఇక నిద్రపో.

అక్క

కుట్టు గది,
ఆదివారం.

అక్కా అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎర్ర కలంతో రాశావంటే నాకు చిన్నప్పుడు నా లెక్కల పుస్తకంలో నువ్వు కొట్టిన తప్పులు గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్ళయిందో.

నిన్న కిటికీ తెరిచి కుట్టాను. రోజూ మూసే ఉంచుతాను కదా. వెలుతురులో కుడితే ఎంత తేలిగ్గా ఉందో! ఎదురు వీధిలో చెప్పులు కుట్టే ముసలాయన తలెత్తి చూసి చెయ్యి ఊపాడు. ఆర్నెల్లుగా ఎదురెదురుగా ఉంటున్నాం, ఇప్పుడే తెలిసినట్టుంది ఆయనకి ఇక్కడ ఒక మనిషుందని. కుట్టమని ఇచ్చిన కోట్లు నాలుగున్నాయి. బడి యూనిఫారాలు ముప్ఫై ఇస్తానని ఒకావిడ అడ్వాన్సు ఇచ్చి వెళ్ళింది. ఈ మిషను నాదక్కా. దీని చప్పుడు వింటూ ఉంటే ఈ గది నాది అనిపిస్తుంది. గడియ లోపలివైపు ఉన్న గది ఇదే మొదటిది నాకు.

ఇంకో ఏడాది ఇలా గడిస్తే చాలు.

చెల్లి

కుట్టు గది,
తర్వాతి శనివారం.

అక్కా,

నీ తప్పు లేదు. ముందే చెబుతున్నాను, చదివేటప్పుడు ఏడవకు.

పాత చిరునామా తీసేశారో లేదో కనుక్కుందామని ఇవాళ బ్యూరోకి చేశాను. మొదటిరోజు మాట్లాడిన అమ్మాయే అనుకుంటాను, గొంతు అదే. చాలా సంతోషంగా, "మీ సమస్య పరిష్కారమైందండీ, అభినందనలు" అంది.

ఎలాగన్నాను.

"పాత చిరునామాకి పంపిన ఉత్తరం తిరిగొచ్చింది కదండీ, దాంతో మీ ఫైలు అనుమానం కింద పడింది. రూలు ప్రకారం ఫైల్లో ఉన్న మొదటి నంబరుకి నిన్న ఫోన్ చేసి నిర్ధారించుకున్నాం. మీవారు మాట్లాడారు."

ఆ అమ్మాయే చెప్పుకుపోయింది. ఫ్రిజ్ అప్పులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి కాబట్టి ఆయనతో మాట్లాడొచ్చట. మూడు ప్రశ్నలకీ తడుముకోకుండా చెప్పాడట. రంగు, టీచరు, ముద్దుపేరు. "ఒక్కటీ తప్పు పోలేదండీ" అంది, నాకు సంతోషం కలుగుతుందని.

"కొత్త చిరునామా ఆయనకి చదివి వినిపించారా?" అన్నాను.

"నిర్ధారణ కోసం చదవాలండీ. 'అవును, మా ఆవిడ అక్కడే ఉంటుంది' అన్నారు. చాలా మర్యాదగా మాట్లాడారు."

ఇంకేమైనా సహాయం కావాలా అని అడిగింది. ఈ ఫోన్ ఎలా ఉందో ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వెయ్యమంది. మందుల షాపావిడ నా మొహం చూసి స్టూలు వేసింది.

కిటికీ మూసేశాను. గడియ వేసి మిషను తలుపుకి అడ్డం జరిపాను. ఎక్కడికి పోను? అప్పుడు ఒంటి మీద బట్టలతో వచ్చేశాను. మళ్ళీ అన్నీ వదిలేసి పోవాలా? ఈ మిషను మొయ్యగలనా? కోట్లు ఎవరివి వాళ్ళకి ఇవ్వాలి. అడ్వాన్సు తీసుకున్నాను. మెట్ల మీద ఎవరు నడిచినా, గొంతు సవరించుకుంటారేమోనని వింటూ కూర్చున్నాను.

చెల్లి

సార్టింగ్ గది,
సోమవారం, పదకొండింటికి.

చెల్లీ,

వెళ్ళిపో. ఇది చదివిన గంటలో వెళ్ళిపో.

నీ ఉత్తరం పొద్దున ఎనిమిదింటికి విప్పాను. పదింటికి మరిది నా కౌంటర్ దగ్గరికి వచ్చాడు. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని. "వదినగారూ, గురువారం నుంచి నాలుగురోజులు ఊళ్ళో ఉండను. ఇంటికొచ్చే టపా సోమవారం దాకా మీ దగ్గరే ఆపి ఉంచండి" అని, అందుకుండే కాగితం నింపి ఇచ్చాడు. నా చేతులతోనే ముద్ర కొట్టాను. ఎక్కడికి అని అడిగాను. "దగ్గరవాళ్ళని చూడటానికి" అన్నాడు. అని, రెండుసార్లు చిన్నగా, ఒకసారి గట్టిగా గొంతు సవరించుకున్నాడు. నువ్వు రాసినప్పుడు నాకు సరిగ్గా అర్థం కాలేదే. ఇవాళ అర్థమైంది.

కాబట్టి గురువారం. ఇది నీకందేసరికి ఒక్కరోజే ఉంటుంది. నేనే వచ్చేదాన్ని, కానీ మా వీధి చివర టీ కొట్టులో కూర్చుంటున్నాడు ఈమధ్య, నేను కదిలితే నా వెనకే వస్తాడు. మీ బావకీ అంతే. ఆ మందుల షాపు నంబరు నువ్వు నాకివ్వలేదు, ఇవ్వకపోవడమే మంచిదనుకున్నాం అప్పుడు. ఈ ఉత్తరం నా చేత్తో పన్నెండింటి సంచీలో వేస్తాను, రేపు సాయంత్రానికి నీ దగ్గరుంటుంది.

మిషను వదిలెయ్. కోట్లు షాపావిడకి అప్పజెప్పు. మిషను మళ్ళీ కొనుక్కోవచ్చు, నా చెల్లెల్ని కొనుక్కోలేను నేను.

రెండుసార్లు తప్పు చేశాను. చిరునామా సరిచెయ్యమన్నాను, అది ఉత్తరమై ఆ ఇంటికి బయల్దేరింది. దాన్ని తిప్పి పంపాను, అది ఫోనై ఆ ఇంటికి చేరింది. నాకు తెలిసిన పనే నేను సరిగ్గా చేశాను, అదే నీ మీదికొచ్చింది. తలుచుకుంటే పిచ్చెక్కుతోంది.

ఇంకొక్క మాట. ఎక్కడికి వెళ్తున్నావో నాకు రాయకు. ఏ ఊరో, ఎవరి దగ్గరకో, ఏమీ వద్దు. నాకు తెలిస్తే నా మొహం మీద కనబడిపోతుంది. అమ్మ బతికున్నప్పుడు గిన్నె పగలగొడితే నా మొహం చూసే పట్టేసేది. మరిది అమ్మకంటే బాగా చూస్తాడు.

వెళ్ళు తల్లీ.

అక్క

సార్టింగ్ గది,
పై వారం, సోమవారం.

చెల్లీ,

దీన్ని ఎక్కడికి పంపాలో తెలీదు. అయినా రాస్తున్నాను.

గురువారం పొద్దున బస్‌స్టాండు వైపు వెళ్తూ మరిది మా కిటికీ ముందు నుంచి నడిచాడు. చేతిలో చిన్న సంచీ. లోపలున్న నన్ను చూసి తల ఊపాడు. నా ఉత్తరం నీకు చేరిందో లేదో తెలీదు. సంచీ ఎక్కడైనా ఆగిపోయిందేమో. నా బంక ఊడి కాగితం జారిపోయిందేమో. తలుపుకి మిషను అడ్డం పెట్టుకుని నువ్వింకా అక్కడే కూర్చున్నావేమో. గురువారం, శుక్రవారం, శనివారం అన్ని సంచులూ నేనే విప్పాను. నీలం కుట్ల కోసం వెతికాను. మీ బావ క్యారేజీ తెచ్చి ఎదురుగా కూర్చుని తినిపించాడు, చిన్నపిల్లకి పెట్టినట్టు.

ఇవాళ ఉదయం సంచీలో వచ్చింది. నేను నీకు పంపిన కవరే. నా రాత, నా ముద్ర. దాని మీద అడ్డంగా ఒక గీత కొట్టి, గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్దతో, "ఈ చిరునామాలో లేరు" అని రాసుంది. నీ రాతే. నేను బంకతో అంటించిన మూత చింపి ఉంది. చింపినచోట నీలం దారంతో మూడు కుట్లు. మీ ఊరి ముద్ర మీద తేదీ చూశాను. మళ్ళీ చూశాను. పొడుగాయనకిచ్చి చదవమన్నాను, నా కళ్ళ మీద నాకు నమ్మకం లేక. "బుధవారం ఉదయం" అన్నాడు. గురువారానికి ముందు బుధవారమే కదా అని ఆయన్ని అడిగాను. పాపం, అవునన్నాడు.

కుట్లు విప్పాను. లోపల నేను రాసిన కాగితమే ఉంది, ఇంకేం లేదు. రాయొద్దన్నాను, నువ్వు రాయలేదు. చిన్నప్పటి నుంచి ఒక్కసారైనా నా మాట విన్నావా, ఈసారి విన్నావు. పారిపోయే తొందరలో కూడా మూడు కుట్లూ సమంగా వేశావు.

పదకొండింటికి మరిది వచ్చాడు, ఆపి ఉంచిన టపా తీసుకోవడానికి. చొక్కా నలిగి ఉంది. గడ్డం గీసుకోలేదు. కౌంటర్ మీద రెండు చేతులూ ఆనించి, "వదినగారూ, మీ చెల్లెలు ఎక్కడుంది?" అన్నాడు. ఈసారి గొంతు సవరించుకోలేదు.

"నాకు తెలీదు" అన్నాను.

నా మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. వెనక క్యూలో ఉన్న ముసలావిడ దగ్గింది కూడా. నేనూ అతని మొహంలోకే చూశాను. రెండేళ్ళుగా అతని ముందు అబద్ధం చెబుతూ చెమటలు పట్టేవి నాకు. ఇవాళ పట్టలేదు. నిజంగానే నాకు తెలీదు కదే. వెతికి వెతికి ఏమీ దొరక్క, టపా తీసుకుని వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక గూళ్ళ వెనక్కి పోయి ఏడ్చాను. నువ్వు తిన్నావో లేదో, ఏ ఊళ్ళో ఎవరి గుమ్మంలో ఉన్నావో, ఆ గుమ్మానికి గడియ లోపలివైపు ఉందో లేదో నాకు తెలీదు. నీ దగ్గర సూదీ దారమైనా ఉన్నాయో లేదో తెలీదు. ఆ తెలియకపోవడం వల్లే నువ్వు బతికున్నావనుకుంటే ఓర్చుకోగలుగుతున్నాను. అయినా ప్రతి సంచీ విప్పేటప్పుడు నీలం దారం కోసమే చూస్తున్నాను.

అన్నట్టు, మధ్యాహ్నం నీలం కవరు ఇంకొకటి వచ్చింది నీ పేరున, ఆ ఇంటి చిరునామాకే. "మీ ఫిర్యాదు పరిష్కరించాం, మా సేవలు మీకు నచ్చాయా?" అని కిటికీలోంచే కనబడుతోంది. ఇంకా అదే చిరునామా. వెనక్కి తిప్పి పంపలేదు. మొదటిసారి నా ఉద్యోగంలో ఒక ఉత్తరాన్ని ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాను.

మా గదిలో ఎడమ చివర ఒక గూడుంది. ఏ వీధిదీ కాదు, నంబరు లేదు. విరిగిన రబ్బరు ముద్రలు పడేస్తాం అందులో. అవి తీసేసి, తుడిచి, ఈ ఉత్తరం అక్కడ పెడుతున్నాను. నీ కవర్ల నుంచి తీసిన నీలం దారాలు దాచాను కదా, వాటితోనే కుట్టాను. నావి వంకరగా వచ్చాయి. నువ్వు చూసినప్పుడు నవ్వుకో.

అక్క